ఒంటికన్ను ఎరుపు

మా నాన్న సంవత్సరీకం ఏటా మిరపకాయలు కల్లంలో ఉన్న రోజుల్లోనే వస్తుంది. ఆయన ఇంకో నెల చూసుకొని పోయుంటే బాగుండేదని మా వదిన అంటుంది, నవ్వుతూ కాదు. కోతలు, ఎండబెట్టడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం, గోతాలకెత్తడం అన్నీ ఒకదాని మీద ఒకటి పడి పొయ్యి వెలిగించే తీరిక లేనప్పుడు గారెలకు పప్పు నానబొయ్యాలి. నాకేమో గురజాలలో బస్సు దిగి మాచవరం వైపు ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ ముక్కు కారుతూనే ఉంటుంది. రోడ్డు పక్కన ఎర్రటి కల్లాలు, వాటిలో ముఖాలకు గుడ్డలు చుట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు. ఆటోలో ఎవరూ తుమ్మరు, నేను తప్ప. పట్నం ముక్కు అని ఎవరో ఒకరు అంటారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

నేను హైదరాబాదులో కంటి జబ్బుల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు, శాస్త్రవేత్తనూ కాదు. పశువైద్యంలో డిప్లొమా చదివి, ప్రయోగాలకు వాడే ఎలుకల బాగోగులు చూసే ఉద్యోగంలో చేరాను. వాటికి మేత పెట్టించడం, పంజరాలు మార్పించడం, మత్తిచ్చేటప్పుడు పట్టుకోవడం, ఆపరేషన్ అయిన కళ్లను మైక్రోస్కోపు కింద చూసి ఎంత మసక ఉందో మార్కులు వేయడం నా పని. మా ఊళ్లో ఈ ఉద్యోగం గురించి చెప్పడం మానేసి చాలా కాలమైంది. "ఎలకల్ని చంపాల్సింది పోయి సాకుతున్నావా" అని మొదటిసారే అడిగారు. మా అన్నయితే నన్ను ఎలకల డాక్టరమ్మా అనే పిలుస్తాడు. అన్న కాబట్టి ఊరుకుంటాను. ఇంకెవరైనా అంటే ఊరుకోను.

సంవత్సరీకం నాడు మా ఇంట్లో నాన్న ఫొటో ముందు రెండు విస్తళ్లు వేస్తారు. ఒకటి నాన్నది. దాని ముందు కొత్త పంచె, కండువా, ఆయనకిష్టమైన చుట్టలు పెడతారు. రెండో విస్తరి ముందు ఒక కండువా, ఒక జాకెట్టు గుడ్డ, రెండూ పెడతారు. ఎందుకంటే ఆ విస్తరి వేసింది ఎవరికో మాకు తెలియదు. మగమనిషో ఆడమనిషో కూడా తెలియదు. చనిపోయాక కళ్లు ఇచ్చిన మనిషి అని మాత్రం తెలుసు. ఆ కంటిపొరను మా అన్న కుడికంటికి కుట్టారు.

అన్న పెళ్లికి ముందునుంచీ పిడుగురాళ్ల వైపు సున్నం బట్టీలో పనిచేసేవాడు. కాలిన సున్నపురాయి మీద నీళ్లు కొడితే అది వేడెక్కి పొంగుతుంది. ఒకరోజు అన్న దాని మీదికి వంగి ఉండగా ఒక్కసారిగా ఎగజిమ్మి రెండు కళ్లల్లో పడింది. పక్కనున్నవాళ్లు బిందెలో నీళ్లున్నంతవరకు కడిగారు. ఇంకా చాలాసేపు కడగాల్సింది, అది వాళ్లకు తెలియదు. సున్నం కంట్లో పడితే పడినచోట ఆగదు, లోపలికి తింటూ పోతుంది. ఎడమకన్ను పూర్తిగా తెల్లబడిపోయింది. కుడికంటికి వెలుతురేదో చీకటేదో తెలిసేంత చూపు మిగిలింది. వదిన అప్పుడు కడుపుతో ఉంది. కూతురు పుట్టాక అన్న ఆ పిల్ల ముఖాన్ని వేళ్లతో తడిమి తడిమి చూసుకునేవాడు. ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని మమ్మల్ని అడిగేవాడు. మేం చెప్పేవాళ్లం. నమ్మేవాడు కాదు.

మనిషి కంట్లో నల్లగుడ్డుకు ముందు అద్దంలాంటి ఒక పొర ఉంటుంది. దాన్నే కార్నియా అంటారు. అది చెడిపోతే తీసేసి, చనిపోయిన మనిషి కంటినుంచి తీసిన పొరను దాని స్థానంలో కుడతారు. ఇచ్చినవాళ్లెవరో చెప్పరు, అది నియమం. అన్నకు ఆ ఆపరేషన్ హైదరాబాదులో జరిగింది. కొన్ని వారాలకు చూపు నిలకడకు వచ్చింది. కూతురు అప్పటికి బడికి పోతోంది. దాన్ని ఎదురుగా నిలబెట్టుకుని చాలాసేపు చూసి, "ఇంత నల్లగా ఉందేందే ఇది, మా అమ్మ పోలిక గదా, ఒక్కళ్లూ చెప్పలేదే" అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్లిపోయింది. రెండో విస్తరి ఆ ఏడు సంవత్సరీకం నుంచీ మొదలైంది. అన్న ఎవర్నీ అడగలేదు. ఇంకో విస్తరి వెయ్యి అన్నాడు, వదిన వేసింది.

ఇక్కడ నా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నా భయం అర్థం కాదు.

మా ప్రయోగశాలలో ఒక జాతి ఎలుక కార్నియా తీసి ఇంకో జాతి ఎలుక కంటికి కుడతారు. కుట్టేది పీహెచ్‌డీ చేసే స్కాలర్లు, పట్టుకునేది నేను. తర్వాత రోజూ ఆ కళ్లు చూస్తాం. ఒంట్లోకి పరాయిది ఏది వచ్చినా మీదపడి తరమడం మన రక్తంలోని కణాలకు అలవాటు. కిడ్నీ అయినా చర్మమైనా అంతే. కార్నియా సంగతి కొంచెం వేరు. అందులో రక్తనాళాలు ఉండవు. నాళాలు లేకపోతే ఆ కణాలు అక్కడిదాకా వచ్చే దారి ఉండదు. అందుకే కొన్ని ఎలుకలు ఏ మందూ వేయకుండానే పరాయి పొరను ఒప్పుకుంటాయి. కొన్ని ఒప్పుకోవు. ఒకే జాతి, ఒకే వయసు, ఒకే మేత, ఒకే చెయ్యి కుట్టిన కుట్లు. ఒకదాని కన్ను తేటగా ఉంటుంది, పక్క పంజరంలోదాని కన్ను గంజి పోసినట్టు అయిపోతుంది. ఎందుకని అడిగితే పెద్ద పెద్దవాళ్లే సగం చెప్పి ఆగుతారు.

అయితే ఆస్పత్రికి వచ్చే మనుషుల కళ్లు ఆ ఎలుకల కళ్లంత శుభ్రంగా ఉండవు. సున్నం పడ్డవి, యాసిడ్ పడ్డవి, పుండుపడి మానినవి. అలాంటి కళ్లల్లో మానే క్రమంలో కార్నియాలోకి రక్తనాళాలు పాకుతాయి, దారి పడుతుంది. ఆ పరిస్థితి ఎలుకలో తేవడానికి, అసలు ఆపరేషన్‌కు ముందే దాని కార్నియాలో ఊరికే కొన్ని కుట్లు వేసి వదిలేస్తారు. కొన్నాళ్లకు ఆ దారాల వైపు ఎర్రటి నాళాలు పాకుతూ వస్తాయి. అప్పుడు పరాయి పొరను కుడితే దాదాపుగా ప్రతి ఎలుకా దాన్ని కాదంటుంది. ఎట్లా ఒప్పించాలో, ఏ మందు పనిచేస్తుందో అప్పుడు చూస్తారు. సున్నం మా అన్న కంటికి చేసినదాన్నే మేం దారంతో చేస్తున్నామని నాకు తట్టిన రోజు, క్యాంటీన్‌లో కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండానే లేచి వచ్చేశాను.

కాబట్టి అన్న కంట్లో కొత్త పొర కుట్టారనగానే ఊరంతా సంతోషపడితే నాకు నిద్ర పట్టలేదు. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకేసినా అదే రోజు బయల్దేరి రమ్మని అన్నకు చెప్పాను. వదినకు చెప్పాను. పిల్లకు కూడా చెప్పాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అన్న ఒక్కపూట కూడా చుక్కలమందు మానలేదు. నల్లద్దాలు తియ్యలేదు. నిద్రలో కన్ను నలుపుకుంటానేమోనని చెయ్యి కట్టేసుకుని పడుకున్న రోజులున్నాయి. నిర్లక్ష్యం చేశాడని ఎవరైనా అంటే వాళ్ల నోరు ముందు నేనే మూయిస్తాను.

పోయినేడు సంవత్సరీకానికి ఒకరోజు ముందు వెళ్లాను. ఇంట్లో ఎవరూ లేరు. నేరుగా కల్లానికి వెళితే అన్న అక్కడ కాయలు తిరగేస్తున్నాడు, నల్లద్దాలు పెట్టుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని. సున్నం బట్టీ మానేశాక రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తున్నాడు. చూపొచ్చాక వేసిన రెండో పంట అది.

"కల్లంలోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"వచ్చావా ఎలకల డాక్టరమ్మా. కాయ నేను తిరగేయకపోతే నీ ఎలకలొచ్చి తిరగేస్తయ్యా?"

అద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. కుడికన్ను ఎర్రగా ఉంది. ఇదేంటన్నాను.

"ఘాటేలే అమ్మాయ్. నీకు కొత్తగానీ మాకు కొత్తా? చుట్టూ చూడు."

చుట్టూ చూశాను. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లందరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. వదిన కళ్లూ అంతే. పక్క కల్లంలో గోతాలు కుడుతున్న ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మా దగ్గర మిరప రోజుల్లో కళ్లు ఎర్రగా లేని మనిషి కనిపిస్తే పని ఎగ్గొడుతున్నాడని అర్థం. కాసేపటికి నా కళ్లూ మండడం మొదలుపెట్టాయి. అన్న చెప్పిందే నిజమేమో అనుకున్నాను. అయినా మర్నాడు ఇంటిదగ్గర తీరిగ్గా చూడాలనుకున్నాను.

మర్నాడు పొద్దున వదిన గారెలు వేసింది. రెండు విస్తళ్లలో అన్నం, గారెలు, పాయసం, మాంసం కూర వడ్డించింది. అన్న తలస్నానం చేసి వచ్చి కొత్త బట్టలు పెట్టాడు. రెండో విస్తరి ముందు కండువా పెట్టి, దాని పక్కన జాకెట్టు గుడ్డను మడత సరిచేసి పెట్టాడు. పెద్దల ముందు అద్దాలేందని, నల్లద్దాలు తీసి పక్కనపెట్టాడు. నేను హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించి అన్నకు అందించాను. ఆ మంట చూడగానే కుడికన్ను చికిలించి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడు రెండు కళ్లూ నాకు ఒకేసారి కనిపించాయి. సున్నం తిన్న ఎడమకన్ను ఎప్పటిలాగే పాలిపోయి ఉంది. కుడికన్ను ఒక్కటే ఎర్రగా ఉంది. రాత్రంతా ఇంట్లోనే ఉన్నాడు, తలస్నానం చేశాడు, ఘాటు ఎప్పుడో దిగిపోయి ఉండాలి. వదిన కళ్లు మామూలైపోయాయి. అయినా ఘాటయితే ఒక కంటిని వదిలేసి ఇంకో కంటిని పట్టుకోదు కదా.

హారతి అయ్యేదాకా ఎట్లా నిలబడ్డానో నాకే తెలియదు. అవ్వగానే చెయ్యిపట్టి వరండాలోకి లాక్కొచ్చి, ఫోన్ లైటు వేసి చూశాను. నల్లగుడ్డు చుట్టూ ఎర్రగా వలయం కట్టింది. కింది భాగంలో పొర తేట తగ్గి మసకబారింది. మా ఎలుకల్లో అలాంటి కంటికి ఎన్ని మార్కులు వేస్తానో చూడగానే తెలిసిపోయింది.

"ఎన్నాళ్లనుంచి ఇట్లా ఉంది?" అని అడిగాను.

అన్న నా ఫోన్ లైటు పక్కకు తోశాడు. వదినే చెప్పింది. "మొదటి కోతప్పటినుంచీ ఎర్రగానే ఉందమ్మా. కళ్లన్నీ ఎర్రగుండేయేగా ఈ రోజుల్లో. మసగ్గా ఉందన్నాడు ఒకరోజు. పొలంలో దుమ్ములే అన్నా నేనే."

వదిన మీద అరిచాను. అన్న మీద అరిచాను. కోపమొస్తే నా నోటికి హద్దుండదు, ఊరందరికీ తెలుసు. ఇప్పుడే బయల్దేరాలి అన్నాను. అన్న ఆకాశం వైపు చూశాడు. పడమర మబ్బు పట్టి ఉంది.

"కాయ మొత్తం కల్లంలోనే ఉందే. వాన పడితే బూజు పట్టుద్ది. ఏడాది కష్టం. రెండ్రోజులాగు, గోతాలకెత్తి వస్తా."

"రెండ్రోజులు ఆగితే చూపుండదు."

"ఉంటే ఉండుద్ది, పోతే పోద్ది. అన్నేళ్లు లేకుండా బతకలేదా నేను?"

ఇట్లాంటి మాటలే నాకు గిట్టవు. భయపడ్డప్పుడు మా ఇంటి మగవాళ్లు ఇట్లాగే మాట్లాడతారు, మా నాన్నా అంతే. చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకెళ్లాను. రెండో విస్తరి చూపించాను.

"ఇది ఎందుకేశావు?"

"అదేం ప్రశ్నే?"

"నీ కన్ను నీ ఇష్టం. నేనడగను. కానీ అది నీ ఒక్కడిదే కాదుగా. ఆ మనిషికి అన్నం పెట్టావు, బట్ట పెట్టావు. ఇప్పుడు కాయల కోసం ఆ మనిషి కన్ను పోనిస్తావా?"

అన్న చాలాసేపు ఆ జాకెట్టు గుడ్డ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, "నా చొక్కా తీసియ్యి" అన్నాడు వదినతో. విషయం తెలిసి పక్కింటి బాబాయి వచ్చి, కాయల సంగతి మేం చూసుకుంటాం, మీరు పొండిరా అని పంపించాడు. ఆటో వచ్చేలోపు అన్న కూతుర్ని పిలిచి వాకిట్లో ఎండ పడేచోట నిలబెట్టాడు. ఎండకు కన్ను నొప్పి పెడుతుందని నాకు తెలుసు. వద్దని అనలేకపోయాను. గడ్డం పట్టుకుని దాని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

కృష్ణ దాటేటప్పుడు వంతెన మీద బస్సు కాసేపు ఆగింది. నీళ్లున్నాయా అని అడిగాడు అన్న. ఉన్నాయన్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. ఒళ్లు ఆ పొరను తోసేయడం మొదలుపెట్టిందని, దాన్నే రిజెక్షన్ అంటారని, ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదని చెప్పింది. ఆమెకు కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"ఘాటువల్లనా అమ్మా?" అని అన్న అడిగాడు.

"కారంవల్ల వచ్చిందని నేను చెప్పలేను. సున్నం పడిన కన్ను, ముందునుంచే రక్తనాళాలున్నాయి, ఎప్పుడైనా రావచ్చు. కారంవల్ల అది మీకు కనపడకుండా పోయిందని మాత్రం చెప్పగలను."

ఆ మాట నాలో అట్లాగే ఉండిపోయింది. మా ప్రయోగశాలలో గాలి కూడా జల్లెడ పట్టినట్టు వస్తుంది. అక్కడ కన్ను ఎర్రబడిందంటే ఏదో జరిగిందనే అర్థం, ఇంకో అర్థం లేదు. మా ఊళ్లో నెలల తరబడి అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. అన్నకు చెప్పిన మూడు గుర్తుల్లో మొదటిది పల్నాడులో గుర్తే కాదు. మిరప కోసేవాళ్లకు వేరే ఏ గుర్తు చెప్పాలో ఎవరికీ తట్టలేదు.

గంటగంటకూ చుక్కలు వెయ్యాలన్నారు. ఇంజెక్షన్లు ఇచ్చారు. అన్నను నా గదిలోనే ఉంచుకున్నాను. పిల్ల బడి, పంట ఉన్నాయి కాబట్టి వదిన రాలేదు, రోజూ ఫోన్ చేసేది. పగలు నేను పనికి వెళితే పక్కవాటాలో ఉండే పెద్దమ్మ వచ్చి చుక్కలు వేసేది. ఆమెతో మాకు చుట్టరికమేం లేదు. ఆ ఇంట్లోకి వచ్చిన మొదటిరోజే పెద్దమ్మా అన్నాను, అంతే.

ఆ రోజుల్లోనే మా దగ్గర ఒక ప్రయోగం ముగింపుకొచ్చింది. కుట్లు వేసి నాళాలు పెంచిన ఎలుకల గుంపు అది. మందు వేసిన వాటిలో కొన్ని కళ్లు తేటగా నిలిచాయి. మందు వేయని గుంపులో అన్నీ మసకబారాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని కన్ను మాత్రం తేటగానే ఉంది. నాళాలున్నాయి, పరాయి పొర ఉంది, మందు లేదు. అందరి అంచనా ప్రకారం అది కాదనాలి. కాదనలేదు. స్కాలర్లు దాన్ని చూసి తల గోక్కున్నారు. నేను మాత్రం రోజూ పొద్దున్నే ముందు దాని పంజరం దగ్గరికే వెళ్లేదాన్ని. పరిశోధనశాలలో పనిచేస్తూ ఇట్లా ఆలోచించకూడదు, తెలుసు. అయినా దాని కన్ను తేటగా ఉన్నంతవరకూ మా అన్నకు ఏం కాదని మనసులో ముడిపెట్టుకున్నాను.

ఆ సంగతి ఒకరోజు సాయంత్రం అన్నకు చెప్పాను, ధైర్యం కలుగుతుందని. అన్న విని, కాసేపాగి అడిగాడు.

"ఒప్పుకున్నదాన్ని తర్వాత ఏం చేస్తారే?"

నేను చుక్కలమందు సీసా మూత బిగించాను.

"చెప్పు."

"చంపుతాం. కన్ను తీసి లోపల ఏం జరిగిందో చూస్తారు."

"ఒప్పుకోనిదాన్ని?"

"దాన్నీ అంతే."

"మరి ఒప్పుకుని దానికేం లాభం?"

"దానికేం లాభం లేదన్నా. నీబోటివాళ్లకే."

అన్న మంచం మీద కూర్చున్నాడు. నేను నొప్పి తెలియకుండా నిద్రపుచ్చే చేస్తామని, దానికి నియమాలున్నాయని, ఒక కమిటీ ఒప్పుకుంటేనే చేస్తామని చెప్పాను. అవన్నీ నిజాలే. ఆ గదిలో మాత్రం నా గొంతు నాకే బొంకులా వినిపించింది.

"నొప్పి తెలవదని నీకెవురు చెప్పారు?" అన్నాడు అన్న. గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు. నా దగ్గర జవాబుంది, పుస్తకాల్లో ఉంది. చుక్కలు వేసే వేళైందని లేచాను.

ఆ వారంలోనే ఆ ఎలుకను నా చేతులతోనే పట్టుకున్నాను. ఒళ్లు వెచ్చగా ఉంది. మత్తు ఎక్కేముందు కూడా తేటగానే చూసింది. దాని కన్ను తీసి ద్రావణంలో వేశారు, నేను పంజరం మీది చీటీ తీసేశాను. ఇంటికొచ్చాక అన్నకు చెప్పలేదు. ఆయనా అడగలేదు.

చుక్కలు గంటగంటకూ పడుతూనే ఉన్నాయి. మొదట్లో ఎరుపు తగ్గింది. డాక్టరమ్మ కూడా కొంచెం నవ్వింది. వదినకు ఫోన్‌లో చెబితే ఆమె ఏడ్చింది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున అన్న కిటికీ దగ్గర నిలబడి, "ఇయ్యాల మబ్బుగా ఉందా?" అని అడిగాడు.

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. "ఆ, మబ్బుగానే ఉంది" అన్నాను.

అన్న చెయ్యి కిటికీ బయటికి చాచి కాసేపు అట్లాగే ఉంచాడు. "ఎండ చేతికి తగుల్తాంది గదే" అన్నాడు.

ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. ఇంకో పొర దొరికితే మళ్లీ ప్రయత్నించవచ్చని, కాకపోతే ఒకసారి కాదన్న ఒళ్లు రెండోసారి ఇంకా తొందరగా కాదంటుందని డాక్టరమ్మ చెప్పింది. అది నాకు కొత్త సంగతి కాదు. రెండోసారి కుట్టిన ఎలుకల్నీ చూశాను. ఇంకో పొర కోసం అన్న పేరు రాసుకున్నారు. కన్ను కుదుటపడేవరకు ఉండి, అన్న ఊరికి వెళ్లిపోయాడు. వెలుతురు మాత్రం తెలుస్తుంది, మనుషులు నీడల్లా కదులుతారు, ముఖాలు లేవు. బస్టాండులో దిగబెట్టినప్పుడు, "ఇచ్చినోళ్లకి ఏం జెప్పుకోనే" అన్నాడు. ఆయన తప్పేం లేదని నేను చెప్పబోయాను. ఆయన వినే స్థితిలో లేడు. బస్సు కదిలాక బస్టాండులోనే కూర్చుని ఏడ్చాను. ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకపోయింది.

ఈ ఏడు సంవత్సరీకానికి మళ్లీ వెళ్లాను. కౌలు వదిలేశారు. వదిన వేరేవాళ్ల కల్లాల్లో కాయలు ఏరడానికి పోతోంది. అన్న ఇంటి దగ్గరే ఉంటున్నాడు. నన్ను చూసి, అంటే నా తుమ్ము విని, "ఎలకల డాక్టరమ్మ దిగింది" అన్నాడు. ఆ పిలుపు విన్నాక ప్రాణం కొంచెం కుదుటపడింది.

వదిన గారెలు వేసింది. పాయసం చేసింది. నాన్న ఫొటో ముందు విస్తరి వేసి వడ్డించి, పంచె, కండువా, చుట్టలు పెట్టింది. అన్న వచ్చి కూర్చుని నేలను చేత్తో తడిమాడు. నాన్న విస్తరి అంచు తగిలింది. చెయ్యి పక్కకు జరిపాడు. అక్కడ ఉత్త నేలే ఉంది. ఇంకా పక్కకు జరిపాడు.

"రెండోది ఏది?"

వదిన చేతిలోని గారెల పళ్లెం కింద పెట్టింది. "ఇంకెందుకయ్యా. నిలవలేదుగా" అంది.

ఆ మాట కఠినంగా అనలేదు. ఏడాదంతా మోసినదాన్ని దించినట్టుగా అంది. అన్న చెయ్యి ఆ ఖాళీ నేల మీదే ఉంచాడు.

"నిలవలేదు. నా ఒళ్లు కాదంది. నేను కాదన్నానా?"

వదిన లేచి లోపలికి పోయింది. పెట్టె తెరిచిన చప్పుడైంది. విస్తరితో పాటు ఒక కండువా, ఒక జాకెట్టు గుడ్డ తెచ్చింది. రెండూ కొత్తవే, అంగడి మడత కూడా విప్పలేదు. ఎప్పుడు కొన్నదో, కొని ఎందుకు దాచిందో ఆమెను నేను అడగలేదు. విస్తరి వేసి నాన్న విస్తరిలో వడ్డించినవన్నీ వడ్డించింది. అన్న బట్టలు చేతుల్లోకి తీసుకుని, వేళ్లతో అంచులు చూసుకుని, మడత సరిచేసి విస్తరి ముందు పెట్టాడు.

"నీ ఎలకలు ఏం తింటయ్యే?" అని అడిగాడు నన్ను.

"గింజల మేత. అన్నం పెట్టినా తింటాయి."

విస్తరిలోంచి కొంచెం అన్నం తీసి అంచున విడిగా పెట్టాడు. కర్పూరం వెలిగించి పళ్లెం చేతికిచ్చాను. నిరుడు ఈ మంటకే కన్ను చికిలించి ముఖం తిప్పుకున్నాడు. ఈసారి తిప్పుకోలేదు. రెండు కళ్లూ తెరుచుకునే దండం పెట్టుకున్నాడు.